హైదరాబాద్ ఇంజను కోసం: ఆన్‌లైన్ వేలంలో నేను కట్టిన ధరలు

2024 సెప్టెంబరులో మొదలుపెట్టిన పని 2025 ఏప్రిల్ చివరికి ఒక కొలిక్కి వచ్చింది. నాకు కావలసింది ఒక్క బొమ్మ ఇంజను. దాని కోసం ఆన్‌లైన్ వేలాల్లో ఎంత పోశానో, ఎక్కడ తక్కువకు దొరికిందో, మధ్యలో ఏమేం జరిగిందో వరసగా రాస్తున్నాను. ఇంగ్లండ్‌లో మన తెలుగువాళ్లలో ఈ పిచ్చి ఉన్నవాళ్లు నేను అనుకున్న దానికంటే ఎక్కువమందే ఉన్నారని ఈమధ్యే తెలిసింది. వాళ్లకు పనికొస్తుంది.

మేముండేది డెర్బీలో. అబ్బాయికి కొన్న రైలు సెట్టు వాడు వదిలేశాక నా చేతికొచ్చింది. గ్యారేజీలో ఆరడుగుల బల్ల మీద చిన్న ఓఓ గేజ్ (అసలు రైలులో 76వ వంతు సైజు) లేఅవుట్ వేసుకున్నాను. సెప్టెంబరులో ఒకరోజు జూబ్లీ తరగతి ఆవిరి ఇంజన్ల పేర్ల జాబితా చూస్తుంటే 45574 ఇండియా, 45575 మద్రాస్, 45577 బెంగాల్ అంటూ వస్తూ వస్తూ 45585 దగ్గర హైదరాబాద్ కనిపించింది. ఎల్ఎంఎస్ (లండన్, మిడ్‌లాండ్ అండ్ స్కాటిష్) రైల్వే కోసం దాని చీఫ్ ఇంజనీరు స్టానియర్ డిజైన్ చేసిన 191 ఇంజన్లలో అదొకటి. 1934లో గ్లాస్గోలో కట్టారు. అసలు ఇంజను ఎప్పుడో తుక్కు కింద పోయింది. ఆ తరగతిలో మిగిలినవి నాలుగే, వాటిలో మన దేశపు పేరున్నది కొల్హాపూర్ ఒక్కటే, బర్మింగ్‌హామ్‌లో టైస్లీ దగ్గర ఉంది. నేను పెరిగింది లాలాగూడ రైల్వే క్వార్టర్లలో. హైదరాబాద్ పేరున్న ఇంజను నా బల్ల మీద తిరగాల్సిందేనని అనిపించింది.

ఆ పేరుతో రెడీమేడ్ మోడల్ నాకెక్కడా కనిపించలేదు. కాబట్టి ఏదో ఒక ఆకుపచ్చ జూబ్లీ కొని, దాని నంబరు చెరిపి, 45585 అంకెలు వేసి, ఇత్తడి పేరు పలకలు అతికించాలి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కింద ధరలు చదివేటప్పుడు అవసరమవుతుంది.

మొదటి పాట ఈబేలో, ఒక జూబ్లీ మోడల్ మీద, అక్టోబరు 6, ఆదివారం రాత్రి. పెట్టె ఉంది, లోపలి థర్మోకోల్ ఉంది, నంబరు వేసిన లిమిటెడ్ ఎడిషన్ సర్టిఫికెట్ ఉంది. ఫొటోలు పన్నెండు, అన్నీ మెరుస్తున్నాయి. 70 పౌండ్లు దాటకూడదని కాగితం మీద రాసి కీబోర్డు పక్కన పెట్టుకున్నాను. 7:50కి పాట 54 దగ్గర ఉంది. నేను 60 కొట్టాను. వెంటనే "మీ కంటే ఎక్కువ పాట ఉంది" అని ఎర్ర అక్షరాలు. 66. మళ్లీ అదే. 70. అదే.

అక్కడ జరుగుతున్నదేమిటో అప్పటికి నాకు అర్థం కాలేదు. అవతలి మనిషి కంప్యూటరు ముందు కూర్చుని నాతో పోటీ పడుతున్నాడని అనుకున్నాను. నిజానికి ఆయన పొద్దున్నే ఎప్పుడో తన గరిష్ఠ మొత్తం పెట్టేసి పడుకుని ఉండొచ్చు. ఆ మొత్తం ఎవరికీ కనిపించదు. మనం ఎంత కొడితే దాని మీద ఒక మెట్టు పెంచి సైటే ఆయన తరఫున పాడుతుంది. 60 పౌండ్లు దాటాక ఆ మెట్టు రెండు పౌండ్లు. నేను రెండేసి, నాలుగేసి పెంచుకుంటూ పోయింది ఒక మనిషితో కాదు, ఒక అంకెతో. కానీ ఆ నిమిషంలో గుండె దడదడలాడుతుంది, చేతులు చెమట పడతాయి, అవతలివాడి మీద కోపం కూడా వస్తుంది. ఆఖరి నిమిషంలో 96 కొట్టాను. 95కి నాదైంది.

పోస్టేజీ 6.95. మొత్తం 101.95. మన డబ్బుల్లో పదకొండు వేల పైమాటే. అక్క ఫోన్ చేసినప్పుడు నోరు జారి చెప్పాను. పక్కనుంచి బావ గొంతు వినిపించింది: "ఏం బామ్మర్దీ, గా బొమ్మకు పదకొండు వేలా? మా వర్క్‌షాప్‌కొస్తే నిజం బోగీ చక్రం చూపిస్త గదా, పైసలొద్దు!"

ఇంజను నాలుగో రోజున వచ్చింది. అద్భుతంగా ఉంది. మరుసటి రాత్రి, కొనకముందు చూడాల్సిన పేజీ చూశాను: అమ్ముడుపోయిన సరుకు మాత్రమే చూపించే ఫిల్టరు. అంతకు ముందు మూడు నెలల్లో అదే తయారీ జూబ్లీలు పెట్టెతో 65 నుంచి 78 మధ్య, పెట్టె లేకుండా 45 నుంచి 55 మధ్య పోయాయి. వాటిలో ఆదివారం రాత్రి 7 నుంచి 9 మధ్య ముగిసినవే పై అంచున ఉన్నాయి. అమ్మేవాళ్లలో ఈ సంగతి తెలియనివాళ్లు తక్కువ, అందరూ ఆ వేళకే ముగిసేలా పెడతారు.

ఇంకో సంగతి. వివరాల్లో "డీసీసీ రెడీ" అని ఉంటే డిజిటల్ కంట్రోలుతో నడుస్తుందనుకున్నాను. రెడీ అంటే చిప్ పెట్టుకునే సాకెట్ ఉందని మాత్రమే. చిప్ మనం కొనుక్కోవాలి, మామూలుది పాతిక పౌండ్ల దాకా అవుతుంది. చిప్ లోపల ఉంటే "డీసీసీ ఫిటెడ్" అంటారు. మాది పాత పద్ధతి 12 వోల్టుల డీసీ కంట్రోలరు కాబట్టి ఆ ఖర్చు తప్పింది.

అసలు ఇబ్బంది వేరే. స్క్రూడ్రైవరు, దూది పుల్లలు పట్టుకుని కూర్చున్నాను, చెయ్యి రాలేదు. సర్టిఫికెట్ ఉన్న మోడల్ నంబరు చెరిపేస్తే దాని విలువ సగం పోతుంది. నేను కట్టిన 95లో పెట్టెకు ఇంత, కాగితానికి ఇంత, ఒక్క గీతైనా లేని రంగుకు ఇంత ఉంది. వీటిలో ఏదీ నా పనికి అక్కర్లేదు. నాకు కావలసింది బాగా నడిచే చక్రాలు, మోటారు, ఆకుపచ్చ ఒళ్లు, పెద్ద స్టానియర్ టెండరు (ఇంజను వెనక బొగ్గు, నీళ్లు మోసే బండి). పెట్టెలో పెట్టి దాచుకునేవాడికి 95 సరైన ధరే కావచ్చు. ఆ సర్టిఫికెట్ డబ్బులు నేను కట్టడమే వింత.

అదే ఊపులో అక్టోబరు చివర మెరూన్ రంగు మార్క్ 1 (బ్రిటిష్ రైల్వేస్ పాత తరహా) బోగీ ఒకటి పోస్టేజీతో కలిపి 45కి పాడాను. వారం తిరగకముందే ఒక మోడల్ షాపు సైటులో అదే బోగీ కొత్తది, పెట్టె విప్పనిది 39.95కి కనిపించింది. వేలంలో ఉన్నదంటే చవకే అయి ఉంటుందని మనకు మనమే అనుకుంటాం. షాపు ధర చూడటానికి అర నిమిషం పట్టదు. ఆ తరువాత మాత్రం షాపు ధర, అమ్ముడుపోయిన ధర రెండూ చూడకుండా ఒక్క పాటా పాడలేదు.

నవంబరు మొదట్లో పద్ధతి మార్చాను. పెట్టె లేనివి, "అన్‌టెస్టెడ్" అని రాసినవి వెతికాను. 34 పౌండ్లకు ఒక జూబ్లీ దొరికింది. ఆరు రోజులకు వచ్చింది, కార్న్‌ఫ్లేక్స్ అట్టపెట్టెలో, న్యూస్‌పేపరు చుట్టి. పట్టాల మీద పెడితే రెండంగుళాలు కదిలి బిగుసుకుపోయింది. పాతకాలపు స్ప్లిట్ ఛాసిస్ రకం అది: ఇంజను అడుగుభాగం రెండు లోహపు ముక్కలు, కరెంటు వాటిలోంచే పోతుంది, కుడి ఎడమ చక్రాలను మధ్యలో ఒక ప్లాస్టిక్ గొట్టం కలుపుతుంది. నలభై ఏళ్లకు ఆ ప్లాస్టిక్ పగులుతుంది. అప్పుడు రెండు వైపుల చక్రాల లెక్క తప్పి కడ్డీలు అడ్డం తిరుగుతాయి. కొత్త గొట్టాలు దొరుకుతాయి, వెయ్యడం నాలాంటివాడి వల్ల అయ్యే పని కాదు.

అమ్మినాయన తప్పేమీ లేదు, అన్‌టెస్టెడ్ అని ముందే రాశాడు. ఇక్కడ నాకు తెలిసొచ్చిందేమిటంటే, పట్టాలు లేనివాడు, పరీక్షించే వీలు లేనివాడు అన్‌టెస్టెడ్ అని రాస్తాడు. పరీక్షించి చూసి నడవదని తెలిసినవాడూ అదే రాస్తాడు. తేడా కనిపెట్టాలంటే ఆ సెల్లర్ ఇంకేం అమ్ముతున్నాడో చూడాలి. చీరలు, పింగాణీ, పాత రేడియోలతో పాటు ఒక రైలు పెడితే అది నిజంగానే పరీక్షించనిది. పాతిక రైళ్లు పెట్టి ఒక్కదానికే అన్‌టెస్టెడ్ అంటే నేను పక్కకు తప్పుకుంటాను.

ఆ ఇంజను ఏమైందంటే, విషయమంతా ఉన్నదున్నట్టు రాసి, పగిలిన గొట్టం ఫొటో కూడా పెట్టి, "స్పేర్స్ ఆర్ రిపేర్" (విడిభాగాలకో, రిపేరుకో) కింద నేనే వేలానికి పెట్టాను. 29కి పోయింది! 2024 అక్టోబరు నుంచి ఈబేలో ప్రైవేటు అమ్మకందారులకు అమ్మకం ఫీజు తీసేశారు కాబట్టి ఆ 29 నా చేతికే వచ్చింది. రిపేరు చేతనైన వాళ్లు అటువంటి వాటి కోసమే కాచుకుని ఉంటారట.

బోగీల విషయంలోనూ ఒకటి జరిగింది. మూడు బోగీలు కలిపి 9 పౌండ్లు, పోటీయే లేదు. వచ్చాక ఇంజను వెనక తగిలించి చూస్తే నాన్న వెనక ఐదో తరగతి పిల్లాడు నడుస్తున్నట్టుంది. అవి హెచ్ఓ, 87వ వంతు. మన ఓఓ 76వ వంతు. రెండూ 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీదే నడుస్తాయి, అందుకే ఫొటోలో తేలదు. ఎవరూ పాడకపోవడానికి కారణం అదే.

నవంబరు 17, కార్తీక పౌర్ణమి తరువాతి ఆదివారం, నాటింగ్‌హామ్‌లో స్నేహితుల ఇంట్లో సత్యనారాయణ వ్రతం. నేను చూస్తున్న ఒక జూబ్లీ పాట మధ్యాహ్నం 12:40కి ముగుస్తుంది. కథ నాలుగో అధ్యాయంలో ఉండగా కండువా కింద ఫోన్ పెట్టుకుని 58 కొట్టాను. ఎవరో 60 అన్నారు. మా ఆవిడ మోచేత్తో పొడిచింది. "ఏవండీ, ప్రసాదం పుచ్చుకోకుండా పోయిన వాళ్ల పడవ ఏమైందో ఇప్పుడే చెబుతున్నారు, వినండి" అంది. విన్నాను. ఇంజను పోయింది.

మరుసటి రోజు మెసేజ్ వచ్చింది. గెలిచినాయన కొనడం లేదు, నా ఆఖరి పాట ధరకే నాకిస్తామని "సెకండ్ ఛాన్స్ ఆఫర్". సంతోషించి ఒప్పుకోబోతూ పాటల చరిత్ర తెరిచాను. అక్కడ పాడిన వాళ్ల పేర్లు చుక్కలతో కప్పి ఉంటాయి గానీ, ఒక్కొక్కరు ఈ సెల్లర్ సరుకు మీద ఎంత శాతం పాడారో కనిపిస్తుంది. నాతో పోటీ పడిన వ్యక్తికి అది నూటికి నూరు. పాపం నిజంగానే ఆ సెల్లర్ అభిమాని అయి ఉండొచ్చు. ధర పెంచడానికి పెట్టిన మనిషీ అయి ఉండొచ్చు. నేను వద్దన్నాను.

డిసెంబరులో మూడు వారాలు ఓటమే. క్రిస్మస్ ముందు ధరలు అసలే ఎక్కువ. 50 పౌండ్లు నా హద్దు అనుకుని ముందే పెట్టేస్తే, ఆఖరి ఐదారు సెకన్లలో ఎవరో వచ్చి 51కి పట్టుకుపోయేవారు. ఈ సైటులో గడియారం ఆగదు. ఎవరైనా పాడితే సమయం పొడిగించే పద్ధతి లేదు. ఇలా ఆఖరి సెకన్లలో పాడటాన్ని స్నైపింగ్ అంటారు, నియమాలకు విరుద్ధం కాదు. మొదట్లో అన్యాయం అనిపించి నాలుగు రోజులు ఒళ్లు మండింది. తరువాత నేనూ అదే మొదలుపెట్టాను. నిజంగా ఇవ్వదలచుకున్న పూర్తి మొత్తం, 52.57 లాంటి వంకర అంకెతో, ఆరేడు సెకన్లుండగా ఒక్కసారే కొట్టాలి. ఎదుటివాడికి మళ్లీ ఆలోచించుకునే వ్యవధి ఉండదని అందరూ చెప్పే లాభం. నాకు దొరికిన లాభం ఇంకొకటి, నాకూ ఆ వ్యవధి ఉండదు! అక్టోబరులో లాగా రెండేసి పౌండ్లు పెంచుకుంటూ పోయే వీలే లేదు. వస్తే వచ్చింది, లేకపోతే లేదు, వెళ్లి అన్నం తినడమే.

అలా డిసెంబరు 23న ఒకటి 47కి గెలిచాను. పండక్కి రెండు రోజుల ముందు సాయంత్రం నాలుగింటికి ముగిసే పాట, జనం షాపింగులో ఉన్నారు. డిసెంబరు 28న వచ్చింది. పలచటి కవరు, లోపల ఒక పొర బబుల్ ర్యాప్. ముందు చిన్న చక్రాల బండి విరిగింది, ఇంజనుకూ టెండరుకూ మధ్య కొక్కెం లేనే లేదు. ఫొటోలు మళ్లీ చూస్తే అన్నీ ఒకే వైపు నుంచి తీసినవి. లేని కొక్కెం కనిపించకుండా టెండరును ఇంజనుకు ఆనించి పెట్టారు.

29న ఫొటోలతో రిటర్న్ పెట్టాను. సెల్లర్ పది పౌండ్లు వెనక్కిస్తాను ఉంచుకోండి అన్నాడు. కొక్కెం మూడు పౌండ్లే కానీ దాని పోస్టేజీ మూడున్నర, ముందు బండి పదమూడు, దానికి వేరే షాపు, వేరే పోస్టేజీ. కుదరదన్నాను. జనవరి 3న రిటర్న్ లేబుల్ వచ్చింది, 10న డబ్బు పడింది. మధ్యలో సెల్లర్ పంపిన మెసేజ్‌లు చదివి రెండు రాత్రులు నిద్ర సరిగా పట్టలేదు, అనవసరమైన టెన్షన్. మాటకు మాట జవాబివ్వకుండా ఫొటోలు మాత్రం పెట్టమని ఆఫీసులో ఒకాయన చెప్పింది పనిచేసింది. విప్పేటప్పుడు ప్రతి అట్టపెట్టెనూ వీడియో తీయడం అప్పటినుంచే అలవాటైంది.

ఇక చవగ్గా దొరికిన సంగతి. జూబ్లీ అనే మాటను ఇంగ్లీషులో ఒక ఎల్ ఎక్కువగా, ఒక ఈ తక్కువగా రాసేవాళ్లు బోలెడుమంది. బాక్‌మన్ అనే తయారీదారు పేరులో చివరి ఎన్ మరిచిపోయేవాళ్లూ అంతే. సరైన స్పెల్లింగుతో వెతికితే అటువంటివి చాలాసార్లు కంటపడవు, పోటీ తక్కువ. అసలు పేరే లేకుండా "అటక మీద దొరికిన పాత రైళ్లు" అని పెట్టేవి ఇంకా మేలు. జనవరిలో నేను వెతికినవన్నీ ఇవే. అలా వెతుకుతూ ఒక ఆక్షన్ హౌస్ ఆన్‌లైన్ కేటలాగులోకి వెళ్లాను. స్టాఫర్డ్‌షైర్‌లో చిన్న ఊరు. ఇంటి సామాను, గడియారాలు, తివాచీల మధ్య 412వ లాటు: ఓఓ రైళ్లు, పట్టాలు, ఒక పెట్టె నిండా. ఫొటోలు మూడే, అవీ మసక. మూడో ఫొటోలో బోగీల కింద నుంచి ఒక ఆకుపచ్చ టెండరు మూల, చక్రం పైన వంపు తిరిగిన రేకు కనిపిస్తున్నాయి. నాలుగు నెలలుగా జూబ్లీ ఫొటోలు తప్ప ఇంకేం చూడని కళ్లు కాబట్టి గుర్తుపట్టాను. పేరు పలక ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది! పేరు లేదంటే దాచుకునేవాళ్లకు అక్కర్లేదు, నాకు సగం పని తగ్గినట్టు.

జనవరి 25, శనివారం. వేలం పదింటికి మొదలు. ఇక్కడ గడియారం లెక్క లేదు, సుత్తి కొట్టేదాకా పాట నడుస్తుంది, స్నైపింగ్ కుదరదు. గంటకు వంద లాటుల పైచిలుకు కానిస్తారు, నా లాటు వచ్చేసరికి రెండు కావస్తోంది. అంతసేపూ ల్యాప్‌టాప్ వదల్లేక అక్కడే ఇడ్లీలు తిన్నాను. పాట 40 దగ్గర మొదలై 90 దాకా పరుగెత్తి కాసేపు ఆగింది. నేను ముందే వేసుకున్న లెక్క 110. సరిగ్గా 110కి సుత్తి పడింది.

ఆ లెక్క ముందే వేసుకోకపోతే మునిగేవాణ్ని. సుత్తి ధర 110. దాని మీద ఆక్షన్ హౌస్ కమీషన్ 22 శాతం, 24.20. ఆ కమీషన్ మీద వ్యాట్ 20 శాతం, 4.84. ఆన్‌లైన్లో పాడినందుకు ప్లాట్‌ఫామ్ ఫీజు 4.95 శాతం, 5.45. దాని మీద వ్యాట్ 1.09. మొత్తం 145.58. పార్సిల్ చేసి పంపమంటే ఇంకో 28 అన్నారు. వద్దని 30న సగం రోజు సెలవు పెట్టి నేనే వెళ్లి తెచ్చుకున్నాను. ఐదు పనిదినాల్లో తీసుకోకపోతే రోజుకింత నిలువ ఛార్జీ కూడా ఉంది. పెట్రోలు 14 అయింది.

గ్యారేజీలో పెట్టె విప్పిన సాయంత్రం చాలా రోజుల తరువాత హాయిగా గడిచింది. ఇంజన్లు ఐదు: నా జూబ్లీ, రెండు డీజిళ్లు, ఒక చిన్న ట్యాంక్ ఇంజను, ఒకటి పూర్తిగా చచ్చినది. బోగీలు తొమ్మిది, అందులో రెండు నేను వెతుకుతున్న మెరూన్ మార్క్ 1లు. పట్టాలు గంపెడు, అన్నీ తుప్పుపట్టిన ఉక్కువి. నికెల్ సిల్వర్ పట్టాలైతే తుప్పు పట్టవు, అయస్కాంతానికి అంటుకోవు, అవే పనికొస్తాయి. ఇవన్నీ కౌన్సిల్ రీసైక్లింగ్ సెంటరుకు పోయాయి. పాత ఇనప డబ్బా కంట్రోలరు ఒకటి, కరెంటు తీగ మీద తొడుగు చిట్లిపోయి ఉంది. దానికీ కొనేవాళ్లు ఉంటారని తెలుసు కానీ ఒకరింట్లో షాక్ కొట్టే వస్తువు అమ్మడం ఇష్టం లేక అదీ అక్కడే పడేశాను.

జూబ్లీ మొదట కదల్లేదు. గుండె జారింది. చక్రాల అంచుకు నల్లటి జిడ్డు పేరుకుని ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్లలు ముంచి తుడిస్తే పుల్లలు మసిబారిపోయాయి. తరువాత పట్టాల మీద పెట్టి కంట్రోలరు తిప్పితే ఒకసారి ఉలిక్కిపడి నడవడం మొదలుపెట్టింది. కొత్త తరహా ఛాసిసే, చక్రాలన్నీ లెక్కలో ఉన్నాయి. పొగ గొట్టం అంచు కాస్త చిట్లింది, అంతే.

మిగిలినవి ఫిబ్రవరిలో అమ్మాను. డీజిళ్లు 31, 22. ట్యాంక్ ఇంజను 18. ఏడు బోగీలు కలిపి 40. మొత్తం 111. అట్టపెట్టెలకు, టేపుకు 9 పోయింది. అంటే జూబ్లీ, రెండు మెరూన్ బోగీలు కలిపి నాకు పడింది 58 లోపు. ఇందులో ఫొటోలు తీసి, వివరాలు రాసి, పార్సిళ్లు కట్టి, పోస్టాఫీసు క్యూలో నిలబడ్డ సాయంత్రాలకు కూలి వేసుకోలేదు. అదీ వేసుకుంటే షాపుకెళ్లి కొనుక్కున్నవాడే తెలివైనవాడని మా ఆవిడ లెక్క. ఆమె అకౌంట్స్ మనిషి, వాదించి లాభం లేదు.

ఆ ఫిబ్రవరిలోనే ఈబే ప్రైవేటు అమ్మకందారుల సరుకు మీద కొనేవాళ్ల నుంచి బయ్యర్ ప్రొటెక్షన్ ఫీజు తీసుకోవడం మొదలుపెట్టింది. అది కనిపించే ధరలోనే కలిసి ఉంటుంది. అంతకు ముందు అమ్ముడుపోయిన ధరలను ఇప్పటి ధరలతో పోల్చేటప్పుడు ఆ తేడా గుర్తుంచుకోవాలి.

పేరు పలకలు మార్చి మొదట్లో ఆర్డరిచ్చాను. పలచటి ఇత్తడి రేకు మీద అక్షరాలు పైకి తేలేలా చేసి ఇస్తారు. జత 7 పౌండ్లు, పోస్టేజీ 3.50. ఆర్డరు వచ్చాకే తయారుచేస్తారట, మూడున్నర వారాలు పట్టింది. అంకెల స్టిక్కర్లు ఇంకో 6. పాత నంబరు చెరపడానికి కార్లకు వాడే టీ-కట్ పాలిష్ దూది పుల్లతో ఓపిగ్గా రుద్దాలి. గట్టిగా రుద్దితే కింది ఆకుపచ్చ కూడా లేచొస్తుంది. ఒక్కో వైపు గంట పట్టింది, అక్కడ రంగు నిగనిగలాడితే మ్యాట్ వార్నిష్ కొట్టి సరిచేశాను. ఏప్రిల్ 20న రెండు వైపులా హైదరాబాద్ అతికాయి.

మెరూన్ బోగీలు తగిలించి వీడియో తీసి బావకు పంపాను. రాత్రి ఫోన్ చేశాడు. పేరు మెచ్చుకున్నాడు, చక్రాల కడ్డీలు మెచ్చుకున్నాడు. తరువాత అన్నాడు: "గానీ బామ్మర్దీ, టెండర్ల బొగ్గు గంత నున్నగ ఉంటదా? ప్లాస్టిక్ అని దూరంకెళ్లి తెలుస్తుంది."

వెళ్లి చూస్తే నిజమే. నిజం బొగ్గునే సన్నగా నలిపి సంచీల్లో అమ్ముతారు, చిన్న సంచి 2.80. పోస్టేజీ 3.95. 2.80 సరుకుకు 3.95 పోస్టేజీ కట్టడానికి మనసొప్పక, మద్రాస్ పేరు పలకలు కూడా ఆ షాపులోనే ఉన్నాయేమో చూస్తున్నాను.